అనుమానము – ప్రమాణము

భాద్రపద శుద్ధ చవితినాడు పూజ ముగిసిన పిదప అక్షతలు చేతబట్టుకొని శమంతకోపాఖ్యానమును వినుట తెలుగిండ్ల ఆచారము. కథ అందరికిని తెలిసినదే. మణిని ధరించి వేటకు పోయిన ప్రసేనుడు తిరిగి రాలేదు. ఆ మణిని ఒకప్పుడు శ్రీకృష్ణుడు కోరియుండెను గనుక అతడే చంపి తీసికొన్నాడని సత్రాజిత్తు అనుమానించెను. ఊరివారు చెవులు కొరుకుకొనిరి. కృష్ణుడు వాదమునకు దిగలేదు, ఒట్లు పెట్టుకొనలేదు. కొందరు పౌరులను వెంటబెట్టుకొని అడవికి పోయి, ప్రసేనుని కళేబరము పడియున్న తావునుండి అడుగుజాడలు పట్టెను. మొదట సింహపు జాడలు, అటుపై ఎలుగుబంటి జాడలు, చివరకు గుహ. ఈ కథను మనము నీలాపనిందలు తొలగుటకని వినుచున్నాము. నేర పరిశోధన ఎట్లుండవలెనో చెప్పు కథగా కూడ దీనిని వినవచ్చును. అనుమానము పుట్టుట తప్పు కాదు. పుట్టిన అనుమానము జాడల వెంట నడువవలెను. అవి చెరగిపోకముందే నడువవలెను. పదిమంది ఎదుట నడువవలెను.

ఈ 'అనుమానము' అను మాటకు మన భాషలో ఒక వింత చరిత్ర ఉన్నది. సంస్కృత తర్కశాస్త్రమున అనుమానము ఒక ప్రమాణము. ప్రత్యక్షము తరువాత లెక్కకు వచ్చు జ్ఞానసాధనము. కొండమీద పొగను చూచి అచట నిప్పు కలదని తెలిసికొనుట అనుమానము. తెలుగువారి నోట అదే మాట సందేహమైనది. ప్రమాణమునకును సందేహమునకును ఒకే పేరు వాడుకొను మనము ఆ రెండింటి నడుమ గల గీతను ఇతరులకంటె జాగ్రత్తగా గుర్తుంచుకొనవలెను. ఆ గీత చెరగినచో ఏమగునో 2017వ సంవత్సరమున ఏడు నెలలలోపల వెలువడిన రెండు హైకోర్టు తీర్పులు చూపినవి.

ఆ ఏడు మార్చి 31న హైదరాబాదులోని హైకోర్టు, విజయవాడ సమీపమున ఇబ్రహీంపట్నములోని ఒక వసతిగృహములో జరిగిన విద్యార్థిని హత్యకేసులో శిక్షపడిన యువకుని నిర్దోషిగా విడుదల చేసినది. అక్టోబరు 12న అలహాబాదు హైకోర్టు, నోయిడాలో జరిగిన ఆరుషి, హేమరాజ్ జంట హత్యల కేసులో శిక్ష ననుభవించుచున్న రాజేశ్ తల్వార్, నూపుర్ తల్వార్ దంపతులను విడుదల చేసినది. ఒక కేసులో హతురాలి తల్లిదండ్రులే హంతకులని శిక్ష పడినది. రెండవ కేసులో శిక్షపడినవాడు హంతకుడు కాడని హతురాలి తల్లిదండ్రులే చెప్పుచు వచ్చిరి. ఒకచోట అనుమానమంతయు ఒక ఇంటిమీద వాలినది. వేరొకచోట ఒక ఇంటివారి అనుమానమును ఆలకించువారు లేకపోయిరి. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన ఉంచి ఆలోచించుట నేటి అవసరము.

నోయిడా ఇల్లు

2008 మే 15 రాత్రి నోయిడా పట్టణమున జలవాయు విహార్‌లోని ఒక వాటాలో నలుగురు నిద్రించుటకు పోయిరి: దంతవైద్యులైన భార్యాభర్తలు, మరి కొన్ని దినములలో పదునాలుగేండ్లు నిండనున్న వారి ఏకైక పుత్రిక ఆరుషి, నేపాలు దేశమునుండి వచ్చి ఆ ఇంట పనిచేయుచుండిన హేమరాజ్. తెల్లవారి పనిమనిషి గంట కొట్టినప్పటికి ఆరుషి తన గదిలో హతురాలై యున్నది. హేమరాజ్ కానరాలేదు. కానరానివాడే హంతకుడని పోలీసులు నిశ్చయించిరి. అతనిని పట్టి యిచ్చినవారికి బహుమానము ప్రకటించిరి. మరునాడు ఆ ఇంటి మేడమీదనే అతని శవము బయటపడినది.

ఈ ఒక్క దినపు వ్యవధిలోనే ఈ కేసు తలరాత వ్రాయబడినదని నా అభిప్రాయము. మేడకు పోవు తలుపునకు తాళము వేసియుండెను. ఆ తలుపు దగ్గర నెత్తుటి మరకలను మొదటినాడే చూచినవారున్నారు. తాళము మాత్రము పగులగొట్టలేదు. ఇంటిలో ఇరుగుపొరుగువారు, బంధువులు, పోలీసులు, పత్రికలవారు తిరుగాడిరి. అడుగుజాడలను పట్టవలసిన తావున అందరి అడుగులును పడినవి. ఎండకాలపు మే నెలలో ఒక మనుష్యుని శవము తలమీద పడియుండగా క్రింద జనము అతనినే దొంగ యని తిట్టుచుండిరి. హతుడు ఒక దినమంతయు హంతకుడుగా చలామణి అయినాడు.

అటుపిమ్మట అనుమానము దిక్కు మార్చుకొన్నది. మే 23న తండ్రిని అరెస్టు చేసిరి. పోలీసు అధికారులు విలేఖరుల సమావేశము జరిపి, చనిపోయిన పసిపిల్ల శీలమును గూర్చియు, హేమరాజ్‌ను గూర్చియు నలుగురిలో పలుకరాని ఊహలు పలికిరి. తమ తరఫున మాటాడుటకు ఆ యిరువురును లేరు. మాసాంతమునకు కేసు సి.బి.ఐ. చేతికి పోయినది. సి.బి.ఐ. మొదటి బృందము తండ్రిని వదలి, అతని వైద్యశాలలో పనిచేయు సహాయకుని, మరి ఇద్దరు పనివారిని అనుమానించి అరెస్టు చేసినది. వారికి నార్కో పరీక్షలు జరిపినది. అభియోగపత్రము దాఖలు చేయుటకు ఆధారములు చాలక ఆ ముగ్గురు విడుదలైరి. ఇట్టి పరీక్షలను బలవంతముగా జరుపుట రాజ్యాంగవిరుద్ధమని 2010లో సుప్రీంకోర్టు సెల్వీ కేసులో తీర్పు చెప్పినది.

సి.బి.ఐ. రెండవ బృందపు అనుమానము మరల తల్లిదండ్రుల వైపునకే మరలినది. కాని 2010 డిసెంబరు 29న ఆ సంస్థయే న్యాయస్థానమునకు ఒక ముగింపు నివేదిక సమర్పించినది. తండ్రిమీద అనుమానమున్నది గాని రుజువు చేయుటకు సాక్ష్యము చాలదని దాని సారాంశము. కేసు మూయవలదు, దర్యాప్తు కొనసాగింపవలెనని తల్లిదండ్రులే మొరపెట్టుకొనిరి. 2011 ఫిబ్రవరిలో ఘాజియాబాదు మేజిస్ట్రేటు ఆ నివేదికను త్రోసివేసి, ఆ నివేదికలోని అంశముల ఆధారముననే తల్లిదండ్రులిద్దరిని ముద్దాయిలుగా రప్పించెను. చాలదని దర్యాప్తు సంస్థ చెప్పిన సాక్ష్యముతోనే విచారణ ఆరంభమైనది. 2013 నవంబరులో యావజ్జీవ శిక్ష పడినది.

సాక్ష్యముల బలాబలములు

శిక్ష విధించిన న్యాయమూర్తి వాదమును తేలికగా తీసివేయుట న్యాయము కాదు. ఆయన ఇరువదియారు పరిస్థితులను లెక్కించి చూపినాడు. వానిలో కొన్ని చదువరిని నిజముగా ఆలోచింపజేయును. ఇంటనున్న నలుగురిలో ఇద్దరు హతులైరి, మిగిలినవారు ఇద్దరే. కూతురి గదికి, తల్లిదండ్రుల గదికి నడుమ పలుచని గోడ. రాత్రి ఏ శబ్దమును వినబడలేదని వారి మాట. హేమరాజ్ శవమును మేడమీదికి చేర్చినవాడు తలుపునకు తాళము వేసి వచ్చినాడు. హత్యల తరువాత హతుల శరీరములను సర్దినట్లు కనబడుచున్నదని ప్రాసిక్యూషన్ వాదించినది. సామాన్యుడు ఎవడైనను ఇవి విని, ఇంటివారు కాక మరెవరు అని అడుగును. నేనును మొదట ఆ మాటయే అడిగినాను.

కాని ఇచ్చట తర్కశాస్త్రము మనకు అక్కరకు వచ్చును. అన్నంభట్టు తర్కసంగ్రహమును చదివిన విద్యార్థికి హేత్వాభాసము లనిన తెలియును. అనగా హేతువువలె కనబడియు హేతువు కానివి. వానిలో అనైకాంతికము ఒకటి. సాధ్యమున్న చోటను, లేని చోటను కూడ ఉండు హేతువు దేనిని సాధింపజాలదు. పొగ యున్నచోట నిప్పుండును. నిప్పున్నచోటనెల్ల పొగ యున్నదనరాదు. కాగిన ఇనుపగుండులో నిప్పున్నది, పొగ లేదు. నేరస్థునియందే ఉండి, నిర్దోషియందు ఎన్నడును ఉండనిది మాత్రమే నేరమునకు హేతువు. ఇరువురియందును ఉండగలది అనుమానమునకు చాలును, శిక్షకు చాలదు.

ఈ కొలతతో నోయిడా సాక్ష్యమును చూచినచో అనేకము జారిపోవును. ఇంటర్నెట్ రౌటర్ రాత్రి పలుమారులు ఆగి సాగినది, కనుక ఇంట ఎవరో మేలుకొనియుండిరని వాదము. కాని తెల్లవారి ఇల్లు పోలీసులతో నిండియున్నప్పుడును ఆ యంత్రము అట్లే ఆగి సాగినది. ఇది అనైకాంతికము. ఆయుధము గోల్ఫ్ కర్ర యనిరి. దానిపై నెత్తురు దొరకలేదు. గొంతు కోసినది దంతవైద్యులు వాడు చిన్నకత్తి యనిరి. అట్టి కత్తి యేదియు న్యాయస్థానము ముందునకు రానే లేదు. మొదట దర్యాప్తు చేసినవారు ఆయుధము కుకిరీ యనియుండిరి. ఒకే గాయమునకు బృందము మారినప్పుడెల్ల ఆయుధము మారినది.

అన్నిటికంటె ముఖ్యమైనది వెలుపలి తలుపు. ఆనాటి ఉదయము అది బయట గడియ పెట్టియుండెనా, లేదా? బయట గడియ పెట్టియున్నచో వెలుపలివాడెవడో పోవుచు పెట్టినాడనుకొనవలెను. ఈ విషయమున ప్రాణప్రదమైన సాక్షి ఆ పనిమనిషి. తనకు నేర్పినదే తాను చెప్పుచున్నానని ఆమె న్యాయస్థానములో అన్నది. పైగా హేమరాజ్ గదికి ఇంటిలోనికి ఒక తలుపు, వెలుపలి నడవలోనికి ఒక తలుపు కలవు. ఆ రాత్రి వెలుపలివారెవరును ఆ యింట ప్రవేశింపలేదని ప్రాసిక్యూషన్ స్థాపింపలేకపోయినదని అలహాబాదు హైకోర్టు తీర్మానించినది. ఆ ధర్మాసనమున ఒక న్యాయమూర్తి విడిగా వ్రాసిన అభిప్రాయములో, క్రింది న్యాయమూర్తి లెక్కల పంతులువలె సమస్యకు సమాధానము ముందే అనుకొని దానికి తగినట్లు విషయములను అమర్చుకొన్నాడని విమర్శించినాడు. గురువృత్తిలో ఉన్నవానికి ఆ పోలిక కొంత చురుక్కుమనును. చివర జవాబు చూచుకొని నడుమ మెట్లు పూరించు విద్యార్థులను మేము ఎరుగుదుము.

నాలుగు గోడల నడుమ

ఈ కేసులో శిక్షకు మూలస్తంభము 1872 నాటి సాక్ష్య చట్టములోని 106వ సెక్షను. ఒకని ఎరుకలో మాత్రమే ప్రత్యేకముగా ఉన్న విషయమును చెప్పవలసిన భారము అతనిదేనని దాని భావము. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమున ఇదే నియమము 109వ సెక్షనుగా నిలిచియున్నది. ఈ నియమమును నిందించుట సులభము. కాని దాని అవసరమును తెలుగువారు ఎరుగనిది కాదు. వంటింటి తలుపు మూసి కోడలిని తగులబెట్టి, స్టౌ పేలినదని చెప్పిన ఇండ్లు మన యూళ్ళలో ఎన్ని లేవు? నాలుగు గోడల నడుమ జరిగిన చావునకు వెలుపలి సాక్షి దొరకడు. అట్టిచోట ఇంటివారు నోరు విప్పి వివరణ ఇయ్యవలెనని 2006లో త్రిముఖ్ మారుతి కిర్కన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినది న్యాయమే.

కాని దానికి అర్ధశతాబ్ది పూర్వమే, 1956లో శంభునాథ్ మెహ్రా కేసులో, అదే న్యాయస్థానము ఒక హద్దు గీసియున్నది. ఈ సెక్షను ప్రాసిక్యూషన్ భారమును ముద్దాయి నెత్తికి ఎత్తుటకు కాదు. మొదట రాజ్యము తాను చేయవలసిన రుజువు చేయవలెను. అటుతరువాతనే ఇంటివారిని వివరణ అడుగవలెను. పరిస్థితుల సాక్ష్యము గొలుసువంటిదని, ఒక్క కడియైనను తెగియుండరాదని, నేరము తప్ప వేరొక అర్థమునకు అది తావీయరాదని 1984లో శరద్ బిర్ధిచంద్ శారదా కేసులో సుప్రీంకోర్టు ఐదు సూత్రములుగా విప్పి చెప్పినది. ఆ సూత్రములలో నేను చూచునది మన నైయాయికుల వ్యాప్తియే. తలుపు సంగతి తేలనిచో, ఆ ఇంటిలో ఇద్దరే మిగిలిరను మాటకు అర్థము లేదు. గొలుసు మొదటి కడియే అతుకుకొనలేదు.

దిండు గలీబు

ఈ ఉత్తరాది కేసులో మన హైదరాబాదునకు ఒక పాత్ర యున్నది. అది సంతోషింపదగినది కాదు. సి.బి.ఐ. సేకరించిన వస్తువులలో కొన్నిటిని హైదరాబాదులోని డి.ఎన్.ఏ. ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రమునకు పరీక్షకై పంపిరి. 2008 నవంబరులో ఆ కేంద్రము ఇచ్చిన నివేదికలో, వైద్యశాల సహాయకుని గదినుండి తెచ్చినదిగా చూపిన ఊదారంగు దిండు గలీబు మీద హేమరాజ్ డి.ఎన్.ఏ. కలదని యుండెను. మేడమీద హతుడైనవాని నెత్తురు వేరొక గదిలోని దిండుపై ఉండుటయనగా సామాన్య విషయము కాదు. కాని ముగింపు నివేదిక నాటికి దానిని గమనించిన దాఖలా లేదు. 2011లో ముద్దాయిల పక్షము దానిని ఎత్తిచూపినప్పుడు, సి.బి.ఐ. కేంద్రమును అడుగగా, అది టైపు పొరపాటనియు, రెండు గలీబుల వర్ణనలు తారుమారైనవనియు జవాబు వచ్చినది. ఆ వివరణతో హైకోర్టు తృప్తి చెందలేదు.

ఆ గలీబు వలన సహాయకుడు దోషి యని నేను అనుట లేదు. అతనిపై ఏ నేరమును రుజువు కాలేదు. తల్లిదండ్రులకు చెల్లు సూత్రమే అతనికిని చెల్లవలెను. నా బాధ వేరు. పొరపాటు నిజముగా జరిగియుండవచ్చును; జరుగకపోయియుండవచ్చును. రెండు దిండు గలీబులు, వానికి కట్టిన రెండు చీటీలు. ఏది ఎచ్చట దొరికినదో నిస్సందేహముగా చెప్పగల వ్రాతయు, ముద్రయు ఉండినచో ఈ వివాదము ఒక్క పూటలో తీరెడిది. మా చిన్ననాట కిరాణా కొట్టు గుమాస్తా బస్తాలకు కట్టిన చీటీలపై చూపిన శ్రద్ధ, మనుష్యుల జీవితములు వ్రేలాడు వస్తువులకు దక్కకపోవుట సిగ్గుచేటు. శాస్త్రము గొప్పదే, శాస్త్రజ్ఞుని బల్లమీదికి చేరువరకు దానిని మోసినది మన చేతులు. ఆ చేతులు తడబడిన పిదప ఎంతటి శాస్త్రమును సత్యము చెప్పజాలదు.

కన్నీటి సాక్ష్యము

ఇక న్యాయస్థానము వెలుపల జరిగిన విచారణ. కూతురు పోయిన కొలది దినములకే తల్లి టెలివిజనులో మాటాడినది. ఆమె తగినంత ఏడువలేదని దేశము తీర్పు చెప్పినది. ఆ తీర్పునకు అప్పీలు లేదు. ఏ కాన్పు వార్డులోనైనను, ఏ శ్మశానవాటికలోనైనను నిలిచి చూచినవారికి తెలియును: శోకమునకు ఒకే ముఖము లేదు. గుండెలు బాదుకొనువారున్నారు, రాయివలె నిలిచి, వచ్చినవారికి మంచినీళ్ళు అందించువారున్నారు. రెండవవారు తక్కువ ప్రేమించినవారు కారు. కన్నీరు లేకపోవుట అనైకాంతిక హేతువులలోకెల్ల అనైకాంతికము. 2011 జనవరిలో ఘాజియాబాదు న్యాయస్థానము వెలుపలనే ఒక యువకుడు ఆ తండ్రిపై కత్తితో దాడి చేసినాడు. అప్పటికి ఏ న్యాయస్థానమును అతనిని దోషి యనలేదు. ఆ యువకుని చేతికి ధైర్యమిచ్చినది ఊరూరను, ఇంటింటను పెరిగిన నిశ్చయమే. ఆ నిశ్చయమును పెంచిన సంభాషణలలో మన వరండాలలోనివియు ఉన్నవి.

నోయిడా తల్లి ఏడువకపోవుట సాక్ష్యమైనది. విజయవాడ కేసులోని తల్లి ఏడ్చి చెప్పినదియు సాక్ష్యము కాలేదు. ఆ విద్యార్థిని పేరును చట్టము వ్రాయనీయదు; మర్యాదయు వ్రాయనీయదు. ఫార్మసీ చదువుకొను ఆ బాలిక 2007 డిసెంబరు 27న హతురాలైనది. 2008 ఆగస్టులో పోలీసులు నందిగామ ప్రాంతపు పేదయువకుని అరెస్టు చేసి, నేరము తేలినదనిరి. ఈతడు కాడని, అసలు దోషులు వేరని తల్లిదండ్రులు నాటినుండి చెప్పుచునే యుండిరి. 2010 సెప్టెంబరులో విజయవాడ న్యాయస్థానము అతనికి యావజ్జీవ శిక్ష విధించినది. ఎనిమిదేండ్లకు పైగా చెరలో నుండిన పిదప, సాక్ష్యము నిలువదని హైకోర్టు అతనిని విడిచి, లక్ష రూపాయల పరిహారమీయుమని, దర్యాప్తు అధికారులపై చర్య తీసికొనుమని ఆదేశించినది. ఎనిమిదేండ్ల యౌవనమునకు లక్ష రూపాయలు!

మృచ్ఛకటికము నాటకము తొమ్మిదవ అంకమును చదివినవారికి ఈ తల్లి క్రొత్తది కాదు. వసంతసేనను చారుదత్తుడు నగలకొరకు చంపినాడని శకారుడు అభియోగము తెచ్చెను. న్యాయాధికారి తోటకు మనిషిని పంపగా, అతడు ఎవరిదో స్త్రీ కళేబరమును చూచి వచ్చి చెప్పెను. అది ఎవరిదని అడిగినవారు లేరు. చారుదత్తుని స్నేహితుని చంకనుండి నగలు జారి సభలో పడెను. పరిస్థితుల గొలుసు పూర్తి అయినట్లే కనబడినది. ఆ సభలో వసంతసేన తల్లి యొక్కతె మాత్రము, పోయినది నా బిడ్డ, ఫిర్యాదు చేయవలసినదానను నేను, ఈతనిని విడువుడని వేడుకొన్నది. ఆమె మాట చెల్లలేదు. వధ్యస్థానమునకు వసంతసేన ప్రాణములతో వచ్చి నిలిచినది గనుక కథ సుఖాంతమైనది. శూద్రకుడు తన నాటకమున ఇయ్యగలిగిన ఆ వరమును ఏ హైకోర్టును ఇయ్యజాలదు.

తల్లి మాటయే ప్రమాణమని నేను వాదించుట లేదు. నోయిడాలో ఇంటివారి మాటను పరీక్షింపకుండ నమ్మరాదని ఎట్లనుచున్నామో, విజయవాడలో ఇంటివారి అనుమానమును పరీక్షింపకుండ నమ్మరాదని అట్లే అనవలెను. వారు అనుమానించినవారును రుజువయ్యెడువరకు నిర్దోషులే. కాని ఇంటివారి అనుమానము దర్యాప్తునకు ఒక దారి చూపును. ఆ దారిని తుదివరకు నడిచి, అచట ఏమియు లేదని చూపుటయు దర్యాప్తే. నడువక త్రోసివేసినచో ఆ అనుమానము చావదు. తరతరములకు ఊరిలో తిరుగుచునే యుండును.

మిగిలిన ప్రశ్న

విజయవాడ కేసును 2018లో హైకోర్టు సి.బి.ఐ.కి అప్పగించినది. మరల దర్యాప్తు చేయవచ్చినవారికి తెలిసినదేమనగా, న్యాయస్థానములో భద్రపరచవలసిన కేసు వస్తువులు నాశనము చేయబడినవి. చేయునది లేక, హత్య జరిగిన పండ్రెండేండ్లకు, 2019 డిసెంబరులో తెనాలిలోని సమాధిని త్రవ్వి అవశేషములకు మరల పరీక్ష జరిపిరి. తన బిడ్డను రెండుమారులు మట్టిలో పెట్టవలసివచ్చిన తల్లి గతిని ఏ చట్టపు భాషలో చెప్పగలము? నోయిడా తీర్పుపై సి.బి.ఐ. సుప్రీంకోర్టుకు పోగా 2018లో ఆ అప్పీలు విచారణకు స్వీకరింపబడినది. హేమరాజ్ భార్యయు వేరుగా ఆ న్యాయస్థానమును ఆశ్రయించినది. దేశమంతయు దీనిని ఆరుషి కేసని పిలుచును. హేమరాజ్ పేరు చేర్చి చెప్పువారు తక్కువ. దేశము కాని దేశమున పొట్టపోసికొనవచ్చి, చచ్చిన మరుసటి గడియనుండి హంతకుడని పేరు పొంది, ఆపై చెప్పరాని నింద మోసి, తుదకు ఎవడు చంపినాడో తెలియకుండ పోయిన మనుష్యుడతడు. అతని ఇల్లాలికిని ఒక సమాధానము రావలసియున్నది.

నిర్దోషులను విడిచినది గనుక న్యాయము జరిగినదని మనము తృప్తిపడరాదు. రుజువు లేనివారిని విడుచుట న్యాయములో సగపాలు. అనుమానము ఎంత బలమైనదైనను రుజువు కాజాలదన్న సూత్రమును న్యాయస్థానములు కాపాడినవి, కాపాడినందుకు కృతజ్ఞులము. కాని ఆ సూత్రమును శరణు వేడవలసిన అవస్థ ఎందుకు వచ్చినది? మేడ తలుపు తాళము మొదటినాడు పగులగొట్టకపోవుటవలన. గలీబునకు కట్టిన చీటీ సందేహాస్పదమగుటవలన. కేసు వస్తువులు కోర్టు గదినుండి మాయమగుటవలన. ఈ లోపములవలన నిర్దోషి చెరకు పోవచ్చును, దోషి వీథిలో తిరుగవచ్చును. ఏది జరిగినదో చెప్పుటకు వీలులేకుండుట అన్నిటికంటె ఘోరము. తల్వార్ దంపతులు నిర్దోషులైనచో వారు బిడ్డను పోగొట్టుకొని నాలుగేండ్లు చెరలో మ్రగ్గిరి. కానిచో, ఇద్దరి నెత్తుటికి లెక్క లేకపోయినది. చట్టము దృష్టిలో వారు నిర్దోషులు. మనమును వారిని అట్లే చూడవలెను. హతుల ప్రశ్న మాత్రము అట్లే నిలిచియున్నది.

2024లో అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత, ఏడేండ్లు గాని అంతకు మించి గాని శిక్షపడదగిన నేరములు జరిగిన చోటికి ఫోరెన్సిక్ నిపుణుడు వెళ్ళి ఆధారములు సేకరింపవలెననియు, ఆ పనినంతయు వీడియోలో చిత్రీకరింపవలెననియు 176వ సెక్షనులో విధించినది. దీనిని ఆచరణలో పెట్టుటకు రాష్ట్రములకు ఐదేండ్ల వరకు గడువు కలదు. మంచి నియమమే. కాని నియమము కాగితముమీద నుండును. చనిపోయినవారు ఏ మండలములోనో, ఏ వసతిగృహములోనో పడియుందురు. అచటికి మొదట చేరునది నిపుణుడు కాదు, స్టేషను కానిస్టేబులు. గుమిగూడిన జనమును వెనుకకు నెట్టి, గడప దాటనీయక నిలువగల శిక్షణయు, అధికారమును అతనికి ఇచ్చినప్పుడే ఆ సెక్షను ప్రాణము పోసికొనును. గడప వెలుపల నిలిచి లోనికి తొంగిచూడని ఓర్పు మనకు రావలెను. మనము చూడబోయిన ప్రతి గదిలోను ఒక జాడ చెరగుచున్నది.

శమంతకోపాఖ్యానములో మనము సాధారణముగా మరచు విషయ మొకటి ఉన్నది. కృష్ణుడు తన నింద తొలగించుకొనుటతో ఆగలేదు. ప్రసేనుడు ఎట్లు చచ్చెనో నిశ్చయముగా తెలిసికొని, మణిని తెచ్చి సత్రాజిత్తు చేతిలో పెట్టెను. అందువలననే ఊరు శాంతించినది, అనుమానించినవాడు సిగ్గుపడెను. 2017లో రెండు న్యాయస్థానములు నింద తొలగించినవి. మణి మాత్రము ఎవరి చేతికిని రాలేదు.